నాయుడుగారి కథలు కట్టిపెట్టండి

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరెత్తండి చాలు, మన ఇళ్ళల్లో ఎవరో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని కథ మొదలుపెడతాడు. ఆ కథలు మూడే. నాలుగోది నేనింతవరకూ వినలేదు. చిన్నప్పటినుంచీ చూపు సరిగా ఆనకపోయినా అంతటివారయ్యారన్నది ఒకటి. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయించింది విని అక్కడే మేష్టర్ని చేసేశారన్నది రెండోది. యెహూదీ మెనూహిన్ అంతటివాడు విని ముగ్ధుడైపోయాడన్నది మూడోది. ఈ మూడోది చెప్పేటప్పుడు పెద్దమనిషి కొంచెం ముందుకు వంగుతాడు కూడాను. అంతా అయ్యాక "మహానుభావుడు!" అని ఒక నిట్టూర్పు. ఆ తరవాత కాఫీ.

మరి ఫిడేలు సంగతి? అది ఎవరూ ఎత్తరు. మొన్న ఒక పెళ్ళివారింట్లో ఇలాగే మూడు కథలూ వరసగా నడిచాయి. చెప్పినాయన మా వాళ్ళలో కాస్త పేరున్న మనిషి, సభల్లో మాట్లాడతారు. "బాబాయిగారూ, ఆయన వాయించిన వాటిలో మీకు బాగా నచ్చిందేదండీ?" అని అడిగాను. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగాను. ఆయన నా వంక వింతగా చూసి, "అబ్బే, ఆ రోజుల్లో మనకా అవకాశం ఎక్కడిదమ్మా!" అన్నారు. అవకాశం ఆయన చొక్కా జేబులోనే వుంది. ఫోనులో వేలితో నాలుగు నొక్కులు నొక్కితే నాయుడుగారి ఫిడేలు పలుకుతుంది. ఆ నాలుగు నొక్కులూ నొక్కకుండా నలభై ఏళ్ళుగా ఆయన గురించి ప్రసంగాలు చేస్తున్నారు మనవాళ్ళు!

అందుకే అంటాను, కథలు కట్టిపెట్టండి అని. అబద్ధాలని కాదు. వాద్యం కూచోవలసిన పీటమీద అవి కూచున్నాయని.

చూపు కథే తీసుకోండి. "పాపం, కళ్ళు కనబడకపోయినా ఎంత బాగా వాయించేవారో!" అంటారు. ఈ "పాపం" ఎందుకండీ? ఫిడేలుకి వీణలాగా మెట్లుండవు. ఎక్కడ వేలు పెడితే గాంధారం పలుకుతుందో కర్రమీద గీత గీసి వుండదు. వెంట్రుకవాసి ఇటయితే ఒక శ్రుతి, అటయితే ఇంకో శ్రుతి. చూపున్నవాళ్ళయినా చూసి వాయించేది కాదది. చెవికీ వేలికీ మధ్య నడిచే వ్యవహారం. అటువంటి విద్యలో ఆరితేరిన మనిషిని కళ్ళు అడ్డంపెట్టి కొలవడం, అమ్మాయి గారెలు బాగా వండిందంటే "పాపం, పొట్టిదయినా" అన్నట్టుంటుంది.

కళాశాల కథ అంతకంటే నయం. అందులో కనీసం ఎవరో ఒకరు విన్నారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. నాయుడుగారు 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగి, అన్నగారు వెంకటకృష్ణయ్యగారి దగ్గర ఫిడేలు పట్టినవారు. పాతికేళ్ళు దాటాయో లేదో, ఆ కొత్త కళాశాలలో ఫిడేలు ఆచార్యుడైపోయారు. 1936లో దాసుగారి తరవాత ప్రిన్సిపాలు కూడా అయ్యారు. ఆ కళాశాల గడప తొక్కిన వాళ్ళెవరో తెలుసునా? ఘంటసాలగారు, పి. సుశీలగారు. పొద్దున్న లేచి పొయ్యి వెలిగిస్తూ మనం కూనిరాగం తీసే పాటల్లో సగం ఆ వరండాల్లోంచి వచ్చిన గొంతులవే. ఈ సంగతి మాత్రం కథలో చెప్పరు. చెబితే వినేది ఆడవాళ్ళని కాబోలు!

ఇక మెనూహిన్. 1952లో నెహ్రూగారి ఆహ్వానం మీద ఆయన మనదేశం వచ్చాడు. మద్రాసులో రాజమన్నారుగారింట్లో నాయుడుగారి వాద్యం విన్నాడు, పరవశించాడు. నిజమే. కాదన్నదెవరు? కాని ఒకసారి వేళ్ళు మడిచి లెక్క చూడండి. మెనూహిన్ వినడానికి ముప్ఫై మూడేళ్ళ ముందే విజయనగరం వాళ్ళు నాయుడుగారిని పిలిచి కుర్చీ వేశారు. పధ్నాలుగేళ్ళ ముందు, 1938లో, వెల్లూరులో ఆయన పాటకుడెవరూ లేకుండా ఒంటరిగా ఫిడేలు కచేరీ చేశారు. పదకొండేళ్ళ ముందు, 1941లో, మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధిని చేసింది. అంటే మనవాళ్ళు విని, గుర్తుపట్టి, తలకెత్తుకున్న ఎన్నాళ్ళకో ఆ పైదేశపు పెద్దమనిషి వచ్చి విన్నాడు. మనమేమో ఆ చివరి సంతకం ఒక్కటే చూపించి సర్టిఫికెట్టు అంటున్నాం. పైగా ఆ మెనూహిన్ చేసిన పని ఏమిటి? కూచుని విన్నాడు! మనం ఆయన విన్నాడన్న వార్త వింటున్నాం.

ఆ రాజమన్నారుగారు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తే కాదు, తెలుగులో నాటకాలు రాసిన మనిషి కూడాను. ఒక నాటకం పేరు "తప్పెవరిది". ఆయన ఇంటి ముచ్చటే పట్టుకుని మనం ఫిడేలుని మరిచిపోయాం. ఆ పేరులోని ప్రశ్న మనల్నే అడిగినట్టుంటుంది.

వెల్లూరు కచేరీ అన్నాను కదా, అక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఎందుకంటే నాయుడుగారి జీవితంలో అసలు సాహసం అది. ఫిడేలు మనది కాదు. రెండొందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులూ ఆ కాలంవాళ్ళూ తెల్లవాళ్ళ దగ్గర చూసి, నేర్చి, మన శ్రుతికి దింపుకున్న వాద్యం. నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని కింద కూచుని పాదం మీద ఆనించాం. అంతా బాగానే వుంది. కాని పని ఏం అప్పజెప్పాం? పక్కవాద్యం. గాయకుడు ఏం పాడితే అది నీడలా వాయించాలి. ఆయన ఊపిరి తీసుకునే సందులో అందుకోవాలి. ఆయన తప్పటడుగు వేస్తే అది తెలియనివ్వకుండా సర్దాలి. అన్నీ సవ్యంగా చేస్తే "అనుసరణ బాగుంది" అంటారు. ఈ ఉద్యోగం ఎలాంటిదో ఈ పేజీ చదివేవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

నాయుడుగారు ఆ పక్కవాద్యం ఉద్యోగం మహా గొప్పగా చేశారు. ఆ కాలపు పెద్ద గాయకులకి వాయించారు. చేస్తూ చేస్తూ, ఒకరోజు ఆ ఫిడేలుని తీసుకొచ్చి వేదిక నడిమధ్య కూచోబెట్టారు. మాట లేదు, సాహిత్యం లేదు, గాయకుడి గొంతు లేదు. మూడు గంటలు జనం ఏం వింటారు అని అనుమానపడే రోజులవి. ఆయన ఏం చేశారంటే, కమానుని గొంతులా వాడారు. గాయకుడు ఒక ఊపిరిలో ఎంత పొడుగున పలుకుతాడో, అంత పొడుగు కమాను. పరపరా కోయడం కాదు. ఒక లాగుడులో స్వరం పుట్టి, పెరిగి, మెల్లిగా సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది. పాశ్చాత్యుల కమాను పద్ధతిని కూడా శ్రద్ధగా పట్టించుకున్నారంటారు. వింటే నమ్ముతాం. అయితే పలికేది మాత్రం మన రాగమే, మన గమకమే.

ఇదంతా నేనెలా చెప్పగలుగుతున్నాను? ఆయన 1964లోనే పోయారు. చూడలేదు, కచేరీకి వెళ్ళలేదు. ప్లేట్లవల్ల. గ్రామఫోను ప్లేట్లవల్లా, ఆకాశవాణి టేపుల్లో మిగిలిన కాసినింటివల్లా. ఆయన్ని తెలుసుకునేందుకు దారి అదొక్కటే. విగ్రహాలకి దండలెయ్యండి, వద్దనను. 1993లో శతజయంతికి తపాలాబిళ్ళ కూడా వేశారు. అయితే బిళ్ళని ఎంత సేపు నాకినా స్వరం పలకదు కదండీ!

ఇక్కడ మాట అడ్డం వేసేవాళ్ళు వున్నారు. "ఆ పాత ప్లేట్లలో ఏముందమ్మా, అంతా గరగర. అదీగాక మూడు నిముషాలు. మూడు నిముషాల్లో సంగీతమేమిటి?" అంటారు. వీళ్ళ మాట పూర్తిగా కొట్టిపారెయ్యను. మనిషి అరగంట సేపు అల్లే ఆలాపనని పదంగుళాల ప్లేటులో ఒక పక్కకి కుదించడమంటే, ఆరుగజాల చీరని జేబురుమాలు చేసినట్టే. పోయిందేదో పోయింది. ఆయన తీరుబడిగా వాయించిన రాత్రుళ్ళు, తానం మీద తానం వేసిన కచేరీలు చాలామటుకు గాలిలో కలిసిపోయాయి. కాని మిగిలింది ఆ జేబురుమాలే అయినప్పుడు, చీర లేదని దాన్నీ పారేస్తారా?

ఇంకో సంగతి. మూడు నిముషాల గడువు పెడితే విద్వాంసుడికి సాగదీయడానికి వుండదు. ఈ రాగంలో ఏది చెప్పకపోతే ఆ రాగం కాదో, అది ముందు చెప్పాలి. మొదటి పది సెకన్లలో రాగం మొహం కనబడాలి. మూడు గంటల కచేరీలో దాక్కోవచ్చు. మూడు నిముషాల ప్లేటులో దాక్కునే చోటే వుండదు. మైకు ముందు ఒకసారి మొదలుపెడితే మధ్యలో అతికే పద్ధతి ఆనాడు లేదు. ఒక చోట వేలు జారిందా, మొదటినుంచీ మళ్ళీ వాయించాల్సిందే. అటువంటి పరీక్షలో నెగ్గిన చెయ్యి ఎలా వుంటుందో వినాలని లేదూ?

గరగర అంటారా, అది పోపు చిటపట లాంటిది. మొదట వినబడుతుంది, కాసేపటికి చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది. నన్నడిగితే ఈ మధ్య కొందరు కంప్యూటర్లో వేసి ఆ గరగరని తోమి తోమి తీసేస్తున్న ప్లేట్లే ఎక్కువ బాధ పెడతాయి. బియ్యాన్ని మరీ పాలిషు పడితే తెల్లగా నిగనిగలాడతాయి, తవుడుతోపాటు సారమూ పోతుంది. కమాను వెంట్రుక తీగె మీద రాసుకునే ఆ సన్నని రజను కూడా గరగర కింద జమకట్టి తీసేస్తే ఇక మిగిలేది ఈలపాట.

మరి ఈ వినే పనికి మిమ్మల్నే ఎందుకు పిలుస్తున్నానంటే, చెప్పనివ్వండి. సంగీతం గురించి మాట్లాడేది మగవాళ్ళు, సంగీతం నేర్చుకున్నది మనం. మన తరానికి ముందు తరంలో, మన తరంలో కూడా, మధ్యతరగతి ఇంట్లో ఆడపిల్ల పుట్టిందంటే పదేళ్ళకల్లా ఒక సంగీతం మేష్టారు ప్రత్యక్షం. సరళీస్వరాలు, జంటస్వరాలు, గీతాలు, నాలుగు వర్ణాలు, పాతిక కీర్తనలు. దేనికీ? పెళ్ళిచూపుల్లో "అమ్మాయి పాడుతుందా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికి. చాపమీద తలవంచుకుని ఒక కీర్తన పాడాం. అవతలివాళ్ళు పకోడీలు తింటూ విన్నారు. పెళ్ళయింది. హార్మోనియం పుట్టింట్లో వుండిపోయింది, శ్రుతిపెట్టె మీద బట్టలు ఆరేశారు. ఆ తరవాత మళ్ళీ పాడమన్న మనిషి లేడు. మనకి విద్య రాక కాదు, అడిగే నాథుడు లేక.

కాని ఆ పాతిక కీర్తనలూ ఎక్కడికీ పోలేదు. పల్లవి ఎక్కడ ఎత్తుగడో, ఏ సంగతి తరవాత ఏ సంగతో, అనుపల్లవిలో గొంతు ఎక్కడ పైకి లేవాలో, అన్నీ లోపలే వున్నాయి. నాయుడుగారి ఫిడేలు కావలసినది సరిగ్గా ఈ చెవులకే. ఫిడేలులో మాటలుండవని చెప్పాను కదా. కీర్తన తెలియనివాడికి అది రాగం మాత్రమే. తెలిసినదానికి మాటలు వినిపిస్తాయి. ఆయన కమాను ఎక్కడ ఆగిందో అక్కడ మాట విరుగుతుంది. ఎక్కడ ఒత్తాడో అక్కడ అక్షరం పలుకుతుంది. పనిలోకి వెళ్తూ బస్సులో కూచుని విన్నా, మీకు తెలియకుండానే పెదవులు కదుపుతారు. సభలో మూడు కథలు చెప్పే బాబాయిగారికి ఆ భాగ్యం లేదు. ఆయన చేత కథలు చెప్పించుకుని, చెవులున్న మనం కాఫీలు అందిస్తూ నిలబడ్డం, అదీ నాకు ఒళ్ళు మండే విషయం.

చెవి సంగతి అదీ. తాళంచెవి సంగతి కూడా చెప్పాలి. పాత ప్లేట్లు వున్నది ఎక్కడ? మ్యూజియాల్లో కొన్నే. ఎక్కువ భాగం ఇళ్ళల్లో, అటకలమీద, మామగారి ట్రంకుపెట్టెల్లో. ఆ పెట్టె దింపేదీ, ఏది వుంచాలో ఏది పారెయ్యాలో తేల్చేదీ ఎవరు? సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేది ఎవరు? భోగి పొద్దున్న పాత సామాను వాకిట్లోకి చేరవేసేది ఎవరు? మనదేశంలో ఆ 78 చుట్ల ప్లేట్లు 1960ల చివరిదాకా వచ్చాయి. అంటే వాటిలో చిన్నవాటికి కూడా ఇప్పుడు యాభై ఏళ్ళు దాటాయి. పాతసామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు. పగిలితే తూకం తగ్గదు కాబట్టి జాగ్రత్త కూడా పడడు. కొన్ని ఇళ్ళల్లో వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక అంచులు వంచి, పళ్ళు పెట్టుకునే గిన్నెలు చేశారు. నేను చూశాను. ముచ్చటగానే వున్నాయి. అడుగున లేబులు మీద త్యాగరాజస్వామి పేరు, పైన బత్తాయిలు!

పారేసినవాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. అవి ఏమిటో చెప్పిన మనిషి వుంటే కదా! మెనూహిన్ కథ పదిసార్లు చెప్పిన మామగారు, "అమ్మాయ్, ఆ పెట్టెలో నాయుడుగారున్నారు" అని ఒక్కసారి చెప్పివుంటే ఏ కోడలూ ముట్టేది కాదు.

ఈ రోజు మన ఫోనుల్లో ఆయన వినబడుతున్నారంటే, అది ఎవరో ఊరూ పేరూ లేని ఔత్సాహికులు పాత అంగళ్ళలో, చెత్తబుట్టల్లో ఏరి, తుడిచి, ఎక్కించిన పుణ్యం. వాళ్ళకి దణ్ణం. అయితే ఒక్కొక్కచోట ప్లేటు తిరిగే వేగం సరిగా కుదరక శ్రుతి పైకి పోయి, ఫిడేలు కీచుమంటుంది. అది విని "ఓస్, ఇంతేనా నాయుడుగారు?" అనకండి. వేగం పెరిగితే శ్రుతీ లేస్తుంది, నడకా తొందరపడుతుంది. ఇంకో ప్రతి వెతికి వినండి.

సరే, పండక్కి అటక ఎక్కుతారు, పెట్టె దొరుకుతుంది అనుకుందాం. ముందు భయపడకండి, అది మనకి తెలియని వస్తువేమీ కాదు. ఆ నల్ల ప్లేటు లక్క. మోదుగ, కుసుమ చెట్ల మీద పురుగు పెట్టే లక్కే. హైదరాబాదు లాడ్ బజారు గాజుల్లో వున్నది అదే, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది అదే. దానికి రాతిపొడి, నల్లటి మసి కలిపి అచ్చు వేశారు. రాతిపొడి కలిసింది గనకే చేతిలోంచి జారితే పింగాణీలా భళ్ళుమంటుంది. లక్క గనకే ఎండలో పెడితే వంగిపోతుంది. ఒకదానిమీద ఒకటి దొంతరగా పెట్టకండి, బరువుకి కిందవి పగులుతాయి. పుస్తకాల్లా నిలబెట్టండి.

దుమ్ము మెత్తని గుడ్డతో, గాడి వెంట గుండ్రంగా తుడవండి. మరీ మురికి పట్టివుంటే చల్లని నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి, మధ్యనున్న లేబులు తడవకుండా. స్పిరిటు మాత్రం దగ్గరికి రానివ్వకండి. మన వడ్రంగి బీరువా పాలిషుకి చపడా నానబెట్టేది స్పిరిట్లోనే కదా. ఆ చపడా లక్కే. స్పిరిటు తగిలితే ప్లేటు కూడా అలాగే కరుగుతుంది. మరిదిగారు ఉత్సాహంగా పాత గ్రామఫోను కీ తిప్పి, తుప్పుపట్టిన ముల్లు పెడతానంటే ఒప్పుకోకండి. ఆ ఉక్కుముల్లు పక్కకొకటి చొప్పున మార్చవలసింది. అరిగిన ముల్లు గాడిని దున్నేస్తుంది. ఇప్పటి ఎల్పీ ముల్లు కూడా పనికిరాదు, ఈ గాళ్ళు వెడల్పు. ఆ ప్లేట్లకి తగిన ముల్లున్నవాళ్ళ చేత ఒకసారి వేయించి, అప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. లేబులు చుట్టూ నున్నటి చోట చిన్న అంకెలు చెక్కి వుంటాయి. అవి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ ప్లేటు ఎప్పటిదో తేల్చేవాళ్ళకి ఆ అంకెలే ఆధారం.

ఇక వినడానికి పిలవవలసినవాళ్ళని పిలవండి. బాబాయిగారు వస్తానంటే రానివ్వండి, పాపం. మూడు నిముషాల పది సెకన్లు నోరు మెదపకూడదని మాత్రం ముందే చెప్పండి.